నెమ్మదిగా నడిపితేనే వచ్చే చప్పుడు

చేవెళ్లలో టీ కొట్టు దగ్గర ఎవరైనా మీతో, "ముడిమ్యాల డ్రైవర్ ఒకడున్నడు, సేటు కారుకు రెండు దిక్కుల యాక్సిళ్లు తినేసిండు" అని చెబితే నమ్మకండి. ఆ మాట మొదట పుట్టింది నా నోట్లో. ఆ డ్రైవరు యాక్సిలు సంగతి దేవుడెరుగు, ఆ కారు తలుపు మీద గోరుగీత కూడా పడనివ్వలేదు. మాట పుట్టించినవాణ్ణి నేనే కాబట్టి దాన్ని వెనక్కి తీసుకోవాల్సిన పని కూడా నాదే. నోటితో చాలామందికి చెప్పి చూశాను. నేను పరాచికాలాడుతున్నాననుకుని టీ తాగించి పంపిస్తున్నారు. అందుకని రాస్తున్నాను.

మొయినాబాద్ రోడ్డు పక్కన నాకొక కార్ల షెడ్డు ఉంది. నడుము సహకరించక బండి కింద దూరడం మానేశాను. కుర్చీలో కూర్చుని పనివాళ్లకు వంకలు పెట్టడమే ఇప్పుడు నా ఉద్యోగం. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు దీన్ని ప్రత్యేకంగా చదవాలని నా కోరిక. నేను చేసిన తప్పు చేతితో చేసింది కాదు, చెవితో చేసింది. చేతి తప్పులకు మీకు చెప్పేవాళ్లు దొరుకుతారు.

నా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బండిలో చప్పుడొస్తోందని వచ్చిన మనిషి ముందు ఆ చప్పుడు నోటితో చేసి చూపించాలి. నేను కళ్లు మూసుకుని వింటాను. విని, జబ్బు పేరు చెబుతాను. ఫామ్‌హౌస్‌లకు వచ్చే పెద్దమనుషులు నిక్కర్లలో నిలబడి "గుర్ర్ర్" అనేవారు. ఒక లెక్కల మాస్టారు "కీఁ" అని ఊపిరాగిపోయేదాకా కూసి, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు. ఒక భార్యాభర్తలైతే అది 'టప' అని ఆయన, 'డప' అని ఆమె పట్టుబట్టి, చివరికి పెళ్లిచూపుల దాకా వెళ్లి పోట్లాడుకున్నారు. నా వాళ్లు రేకు చాటుకు పోయి నవ్వుకునేవారు. నేను మాత్రం నవ్వకుండా "బేరింగ్" అనో "బ్రేక్ ప్యాడ్" అనో తీర్పిచ్చేవాణ్ణి. చాలాసార్లు అది నిజమయ్యేది. అదే నా కొంప ముంచింది. చుట్టుపక్కల నన్ను 'సౌండ్ డాక్టర్' అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు వినబడితే నా మెడ కొంచెం సాగేది.

ఇక సేటు గురించి. ఆయనకు చేవెళ్లలో విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. ఆయన నడిచినా పరుగే, తిన్నా పరుగే. కారు నడిపితే బండి కదలకముందే హారన్ కదిలేది. ఆయన తల్లికి మోకాళ్ల నొప్పులు. దవాఖానకూ, గుడికీ, చుట్టాల ఇళ్లకూ తిప్పడానికి ఆమె కోసం ఒక డ్రైవరును పెట్టాడు. ఆ డ్రైవరుది ముడిమ్యాల. ఆదివారాలు చర్చిలో డోలక్ వాయించే మనిషి. కారు నడపడంలో అతనికి ఒకే ఒక సూత్రం: నిదానం. పక్కన సైకిల్ మీద పోయేవాళ్లు అతన్ని పలకరించి, యోగక్షేమాలు అడిగి, ముందుకు వెళ్లిపోయేవారు. అవ్వకు మాత్రం అతని నడపడం ప్రాణం. "వాడు తోలితే చేతిల చాయ్ గ్లాసు తొణకది" అనేది.

ఒక ఏడు వానలు వెనకబట్టాక ఆ ముగ్గురూ కారులో నా షెడ్డుకు వచ్చారు.

"ముందర చక్రాల్ల సౌండొస్తున్నది" అన్నాడు సేటు, దిగుతూనే.

"ఎట్లొస్తున్నది సేటూ? నోటితోని చెయ్యి."

సేటు చుట్టూ చూసి, గొంతు సవరించుకుని, "ఠక్! ఠక్! ఠక్!" అన్నాడు. తుపాకీ పేల్చినట్టుంది. షెడ్డు నీడలో పడుకున్న కుక్క లేచి రోడ్డవతలికి వెళ్లి పడుకుంది.

"నువ్వు చెయ్ తమ్మీ" అన్నాను డ్రైవరుతో.

అతను చేతులు కట్టుకుని, నేలచూపులు చూస్తూ, "కట... కట... కటకట... కట" అన్నాడు. తాళం తప్పలేదు.

వెనక సీట్లోంచి అవ్వ తల బయటపెట్టింది. "గట్ల కాదు బిడ్డా. గలగల గలగల అంటున్నది. ఇననీకి మంచిగనే ఉన్నది."

మేమందరం నవ్వాం. "అవ్వా, గలగల అనేటియి కాళ్ల పట్టీలు. కార్లకు గలగల ఉండది" అన్నాను.

"ఏమో కొడుకా, నాకైతే గట్లనే ఇనవడ్తున్నది."

పిల్లలూ, ఆ రోజు అక్కడ నిజం చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. మాట సరిగ్గా పలికింది. మేం నవ్వాం.

బండిని రోడ్డెక్కించాం. మొదట సేటు నడిపాడు. చేవెళ్ల దిక్కు కొంత దూరం ఉరికించి వెనక్కి తెచ్చాడు. గాలి చప్పుడు, హారన్ చప్పుడు, నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత డ్రైవరు కూర్చున్నాడు. బండి కదిలిందో లేదో, కట... కట... కటకట.

సేటు సీట్లో వెనక్కి తిరిగాడు. "చూసినవా? నేను తోలితే బండి నోరు మూసుకుంటది. వీడు స్టీరింగ్ పడితే మొత్తుకుంటది. తప్పు బండిదా, వీనిదా?"

ఆ వాదనలో లోపమేమిటో ఆ రోజు నాకు తోచలేదు. పైగా న్యాయంగానే కనిపించింది.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. ముందు చక్రాలను తిప్పే యాక్సిలు చివర ఒక జాయింట్ ఉంటుంది. దాని మీద రబ్బరు తొడుగు ఉంటుంది. ఆ తొడుగు చిరిగితే గ్రీజు బయటికి చిమ్మి, దుమ్ము లోపలికి పోయి, జాయింట్ అరిగి, మలుపు తిప్పినప్పుడు కటకటమంటుంది. దాన్ని పట్టుకోవడం చాలా తేలిక. ఖాళీ జాగాలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుండ్రంగా నడిపితే చప్పుడు పెరుగుతుంది. కిందికి వంగి చూస్తే చిరిగిన రబ్బరు, చిమ్మిన గ్రీజు కనిపిస్తాయి. అలా కాకుండా సాఫు రోడ్డు మీద నెమ్మదిగా పోతే చప్పుడొచ్చి, వేగం పెరిగితే ఆగిపోయిందంటే, అది జాయింట్ కాదు. చక్రంలో ఏదో వదులుగా దొర్లుతోంది. వేగం పెరిగితే అది అంచుకు అతుక్కుని ఊరుకుంటుంది.

ఇదంతా నాకు తెలియదా? తెలుసు. గుండ్రంగా తిప్పించి చూశానా? లేదు. కిందికి వంగానా? లేదు. విని చెప్పే డాక్టరు వంగి చూస్తే ఇంకేం గొప్ప!

"రెండు దిక్కుల జాయింట్లు పోయినయి సేటూ" అన్నాను.

"ఎట్ల పోయినయి?"

"గుంతల్ల దబదబ దించితే పోతయి. స్టీరింగ్ ఒక్కపారి కోస్తే పోతయి."

డ్రైవరు నా ముందుకు వచ్చాడు. "అన్నా, నేను గుంత కనవడితే దిగి, లోతు చూసొచ్చి, అప్పుడు పోతనే!"

"అందుకేనా మొన్న శంకర్‌పల్లి పోయొచ్చేటాళ్లకు పొద్దుగూకింది?" అన్నాడు సేటు. నేను పెద్దగా నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది.

సేటు చెయ్యి చాచాడు. డ్రైవరు జేబులోంచి దస్తీ తీసి, తాళంచెవిని తుడిచి, ఆ చేతిలో పెట్టాడు. "రేపటి సంది రాకు" అన్నాడు సేటు, నా పనివాళ్లూ పక్కనున్న పంక్చర్ కొట్టాయనా వింటుండగా.

"అరే, వాణ్ని ఎందుకంటవ్ రా" అంది అవ్వ.

"నువ్వూకోమ్మా. మెకానిక్ చెప్పిండు గదా."

సేటూ అవ్వా ఆటో ఎక్కారు. డ్రైవరు బస్సు కోసం నడిచిపోయాడు. కారు నా దగ్గర మిగిలింది.

జాకీ పెట్టే ముందు ఎడమ చక్రానికున్న ప్లాస్టిక్ క్యాపును ఊడబెరికాను. నా పాదాల మీద గవ్వలు రాలాయి. గలగలమంటూ రాలాయి. వాటితో పాటు చివికిపోయిన పసుపు గుడ్డ పీలిక ఒకటి. కుడి చక్రం క్యాపు తీశాను. అక్కడా గవ్వలే.

ఆ గవ్వలను ఆ చక్రాల్లో పెట్టింది ఎవరో కాదు, నేను.

కారు కొత్తగా కొన్నప్పటి సంగతి. సేటుకు దిష్టి తాళ్లంటే సిగ్గు. కారు ముందు తల్లి కట్టిన నిమ్మకాయల దండను మొదటిరోజే తెంపి పారేశాడట. అందుకని అవ్వ ఒకరోజు టైర్లలో గాలి చూపించుకునే వంకతో నా దగ్గరికొచ్చి, కొంగుముడిలోంచి రెండు పసుపు మూటలు తీసింది. "బిడ్డా, ఇవి ముందర చక్రాల్ల పెట్టు. ముందర పోయేటిదానికే దిష్టి తగులుతది. నా మీద ఒట్టు, నా కొడుక్కు చెప్పకు." పెద్దామె మాట కాదనలేక క్యాపుల వెనక గట్టిగా కుక్కాను. తర్వాత మరిచిపోయాను. వానలకు గుడ్డ నానింది, చివికింది, గవ్వలు విడిపోయాయి. డ్రైవరు నిదానంగా నడిపితే అవి దొర్లి కటకటమన్నాయి. సేటు పరుగెత్తిస్తే అంచుకు కరుచుకుని మూగబోయాయి. డ్రైవరు చేసిన నేరం మెల్లగా నడపడమే.

కిందికి దూరి జాయింట్లు చూశాను. రబ్బరు తొడుగులు కొత్తవిలా నిగనిగలాడుతున్నాయి.

అప్పుడు నేను చేయాల్సిందేమిటో మీకు తెలుసు, నాకూ తెలుసు. నేను చేసింది ఇది: గవ్వలన్నీ ఏరి ఖాళీ గ్రీజు డబ్బాలో వేసి, గోడకున్న రేకు అర మీద పెట్టాను. సేటు వచ్చి బండిని తిప్పి చూసుకున్నాడు. చప్పుడు లేదు.

"ఏం జేసినవ్?"

"సెట్ చేసిన సేటూ."

మా మెకానిక్కుల భాషలో 'సెట్ చేసిన' అనే మాటకు అర్థమంటూ ఏమీ లేదు. అర్థం లేని మాట అబద్ధమెలా అవుతుందని నన్ను నేను సమాధానపరచుకున్నాను. అవ్వ పెట్టిన ఒట్టును కూడా అడ్డం పెట్టుకున్నాను. నిజానికి ఒట్టు గురించి నాకంత పట్టింపు లేదు. సౌండ్ డాక్టరే చక్రంలో గవ్వలు పెట్టి, ఆ చప్పుడు విని యాక్సిలు పోయిందన్నాడంటే, చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా నవ్వడానికి ఒక్క నోరు కూడా ఖాళీగా ఉండదు. నా భయమంతా అది. అవ్వ కూడా ఆ వారంలోనే కూతురింటికని వికారాబాద్ వెళ్లిపోయింది. అడిగేవాళ్లు లేరు. నేను హాయిగా ఉన్నానని అనుకున్నాను.

కొన్ని నెలల తర్వాత డ్రైవరు నా షెడ్డుకు వచ్చాడు. చేతిలో చిక్కుడుకాయల సంచి.

"అన్నా, నన్ను జర నీ దగ్గర పనిల పెట్టుకో. జీతమొద్దు. జాయింట్ ఎట్ల పోతదో, ఎట్ల తోలితే పోదో నేర్పియ్యి చాలు. మళ్ల నా చేతుల ఇంకో బండి ఖరాబు కావద్దు."

"ఇప్పుడేం చేస్తున్నవ్ తమ్మీ?" అన్నాను.

"మా అన్న చేన్ల పని. బండి ఎవ్వరిస్తలేరన్నా. ట్రాక్టర్ గూడ ముట్టనిస్తలేరు. ఎడ్లబండి తోలుతా అంటే మా అన్న 'యాక్సిల్ పైలం' అంటుండు." అతను నవ్వడానికి ప్రయత్నించాడు. "పండుకున్నప్పుడల్లా యాది చేసుకుంటనన్నా, ఏ గుంతల దించిన్నో అని. ముడిమ్యాల కాడికెళ్లి చేవెళ్ల దాక ఒక్కొక్క గుంత తీసుకుంట వస్త. ఏది దొరకది."

నేను లేచి, రేకు అర మీదున్న డబ్బా తీసి, బెంచీ మీద బోర్లించాను. జరిగిందంతా చెప్పాను.

అతను ఒక పాత టైరు మీద కూర్చున్నాడు. ఒక గవ్వను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గవ్వలా?"

"గవ్వలే."

"రెండు చక్రాల్లనా?"

"రెండిట్ల."

"నువ్వే పెట్టినవా?"

"నేనే పెట్టిన."

అతను గవ్వను తిరిగి బెంచీ మీద పెట్టాడు. తిడితే బాగుండుననిపించింది. చివరికి, "నాతోని చెప్తే ఏం ఫాయిదా అన్నా? సేటుతోని చెప్పు. దుకాణంల నలుగురున్నప్పుడు చెప్పు. నన్ను తీసేసింది గూడ నలుగురిలనే" అని లేచాడు. చిక్కుడుకాయల సంచి వదిలేసి వెళ్లాడు. వాటిని వండుకున్నాను కానీ తినకుండా పనివాళ్లకు పెట్టేశాను.

ఆదివారం చేవెళ్ల వెళ్లాను. దుకాణం నిండా రైతులు. అవ్వ వికారాబాద్ నుంచి తిరిగొచ్చి ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంది. గవ్వల డబ్బా సేటు ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

సేటు డబ్బాలోకి చూసి, నన్ను చూసి, పకపకా నవ్వాడు. "పొద్దుపొద్దున్నే మంచి జోకు తెచ్చినవ్. యాక్సిల్ పోయిందని నువ్వే చెప్తివి, సెట్ చేసిన్నని నువ్వే చెప్తివి. ఇప్పుడు గవ్వలంటవా? వాడు నీ కాళ్లు పట్టుకున్నడా ఏంది?"

ఇంతలో అవ్వ కర్ర ఊతంతో లేచి వచ్చి డబ్బాలోకి తొంగి చూసింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"నా గవ్వలు తీసేసినవా?"

"అవ్వా, అవి చప్పుడు..."

"ఎన్ని నెలలాయె తీసేసి? నేననుకుంటనే ఉన్న, గిరాకీ గింత డల్లెందుకున్నదని!"

"అమ్మా!" అన్నాడు సేటు. ఆయన మొహంలో నవ్వు పోయింది. "చక్రాల్ల గవ్వలు పెట్టిచ్చినవా?"

"పెట్టిచ్చిన. నిమ్మకాయలు తెంపినవ్ గదా, మరి నేనేం జెయ్యాలె?"

రైతులు విత్తనాల సంగతి మరిచిపోయి చుట్టూ చేరారు. సేటుకు పౌరుషం వచ్చింది. "ఏదీ, మళ్ల పెట్టు. నేనే తోలుత. సౌండొస్తే నమ్ముత."

దుకాణం ముందే క్యాపులు ఊడదీసి గవ్వలు పెట్టాను. సేటు కూర్చున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. బండి ఎగిరి దూకింది.

"సేటూ, జర మెల్లగ!"

"మెల్లగనే పోతున్న!" హారన్. కోడి ఒకటి ప్రాణం దక్కించుకుని గోడెక్కింది.

"ఫస్ట్ గేరుల పోనీ సేటూ!"

"ఫస్ట్ గేరు నా కాలుకు అలవాటు లేదయ్యా!"

రెండుసార్లు తిరిగొచ్చాం. సేటు ఎంత ప్రయత్నించినా ఆయన కాలు ఆయన మాట వినలేదు. చప్పుడు రానే లేదు. "ఏదీ? ఏది నీ గలగల?" అన్నాడు గెలిచినట్టు. నిజం చెప్పడానికి వెళ్లి అబద్ధాలకోరునై నిలబడ్డాను. ఆ చప్పుడు రప్పించగల మనిషి మా అందరిలో ఒక్కడే ఉన్నాడు. అతనికి ఫోన్ చేశాను.

డ్రైవరు ప్రార్థన అయిపోగానే తెల్లచొక్కాలోనే వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. సేటు ఇచ్చిన తాళంచెవి తీసుకుని, అవ్వను వెనక సీట్లో కూర్చోబెట్టి, అద్దాలు సరిచూసుకుని, బండిని కదిలించాడు.

కట... కట... కటకట... కట.

సేటు నమ్మలేక రోడ్డు మీదికి వచ్చి, చక్రం వైపు చెవి వంచి, కారు పక్కనే నడవడం మొదలుపెట్టాడు. నడకలోనూ ఆయన కారును దాటిపోయేవాడు. ఆగి, చక్రం వచ్చేదాకా చూసి, మళ్లీ చెవి వంచేవాడు. బజారంతా బయటికొచ్చింది.

"సేటూ, పంక్చరైందా?" అని ఒకరు.

"లేదు, సౌండ్ ఇంటున్న!"

"నాడి చూస్తున్నవా?" అని ఇంకొకరు.

"కొంచెం స్పీడు పెంచు" అన్నాడు సేటు. డ్రైవరుకు అది కష్టమైన పనే, అయినా పెంచాడు. చప్పుడు ఆగింది. "తగ్గియ్యి." కటకటకట. మళ్లీ పెంచమన్నాడు, మళ్లీ తగ్గించమన్నాడు. లోపలినుంచి అవ్వ, "గలగల అని నేను ఎప్పుడో చెప్పిన. ఎవడిన్నడు?" అంటోంది.

సేటు రోడ్డు మధ్యలో నడుము నిటారు చేసుకుని నిలబడ్డాడు. బజారును ఒకసారి చూశాడు. ఎరువుల రేటు చెప్పే గొంతుతోనే గట్టిగా, "వీడు యాక్సిల్ పాడు చెయ్యలే. ఇగో, ఈయన పెట్టిన గవ్వలు. పెట్టుమన్నది మా అమ్మ. వీణ్ని పనిలకెళ్లి తీసేసిన గాడిదిని నేను" అన్నాడు. తర్వాత కారు కిటికీ దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, "రేపటి సంది రా బిడ్డా" అన్నాడు.

డ్రైవరు ఇంజన్ ఆపి, దిగాడు. నా వైపు చూశాడు, సేటు వైపు చూశాడు.

"వస్త సేటూ. కానీ ఒక్క మాట. బండి రిపేరుకు ఈ అన్న కాడికి మాత్రం తేను."

బజారంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నా నవ్వు అందరికంటే ఆలస్యంగా మొదలై, అందరికంటే ముందు ఆగిపోయింది.

అతను మాట మీద నిలబడ్డాడు. సేటు కారు ఇప్పుడు సర్వీసింగుకు శంకర్‌పల్లి పోతోంది. అవ్వను కంటి దవాఖానకు తీసుకుపోయేటప్పుడు మాత్రం నా షెడ్డు ముందునుంచే వెళ్లక తప్పదు. అతను కిటికీలోంచి మర్యాదగా చెయ్యెత్తి నమస్తే పెడతాడు, నేనూ పెడతాను. అంతటితో అయిపోతే బాగుండును. కానీ అతని వేగానికి ఆ కారు నా షెడ్డు దాటేసరికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ నేను కిందికి వంగి, పడిపోని బోల్టు ఒకటి వెతుకుతూ ఉంటాను.